విశ్వాసం, క్రియలు: కొత్త నిబంధనలోని పత్రికలు (ఉత్తరాలు) చదివే పద్ధతి – 3వ పాఠం

పోయిన పాఠంలో ఎఫెసీయులకు రాసిన పత్రిక 2:8-10 చదివి, పదో వచనాన్ని మీ సొంత మాటల్లో రాసుకోమన్నాం. రాసినవాళ్లకు ఒక సంగతి తట్టే ఉంటుంది. రక్షణ క్రియల వల్ల కలిగింది కాదని చెప్పిన పౌలే, ఆ వెంటనే మనం సత్క్రియలు చేయడానికే సృష్టించబడ్డామంటాడు. చాలామంది తొమ్మిదో వచనం దగ్గరే ఆగిపోతారు. కంఠస్థ వాక్యాలతో వచ్చే చిక్కే ఇది.

ఇవాళ అంతకంటే కష్టమైన చోటికి వెళ్దాం. పౌలు రోమీయులకు రాసిన పత్రిక 3:28, యాకోబు రాసిన పత్రిక 2:24 రెండూ తీసి పక్కపక్కన పెట్టుకోండి. మనిషి ధర్మశాస్త్ర క్రియలు లేకుండా విశ్వాసం వల్లనే నీతిమంతుడుగా తీర్చబడతాడని మొదటిది అంటుంది. విశ్వాసం ఒక్కటే చాలదు, క్రియల వల్ల కూడా అని రెండోది. చదవగానే టెన్షన్ పడేది మీరొక్కరే కాదు. 1522లో తన జర్మన్ కొత్త నిబంధనకు రాసిన ముందుమాటలో సంఘ సంస్కర్త మార్టిన్ లూథర్ యాకోబు పత్రికను గడ్డితో పోల్చాడు. అయినా బైబిల్లోంచి తీసేయలేదు, చివరి వరుసలోకి జరిపాడంతే.

ఇక్కడ తొందరపడి రెండింటికీ రాజీ కుదర్చకండి. పౌలు, యాకోబు ఇద్దరూ సాక్ష్యానికి పిలుస్తున్నది అబ్రాహామునే, ఎత్తి చూపుతున్నది ఆదికాండము 15:6నే. కాబట్టి ముందు అక్కడికి వెళ్లాలి. ఒక కాగితం మీద గీత గీసి అబ్రాహాము వయసులు గుర్తు పెట్టండి. ఇష్మాయేలు పుట్టేసరికి 86 (16వ అధ్యాయం). సున్నతి పొందేసరికి 99 (17). ఇస్సాకు పుట్టేసరికి 100 (21). 22వ అధ్యాయంలో ఆ ఇస్సాకే తనను బలి ఇవ్వబోయే చోటికి కట్టెలు మోసుకుని కొండ ఎక్కుతున్నాడు, అంటే పసివాడు కాదు. దేవుడు అబ్రాహాము నమ్మకాన్ని నీతిగా ఎంచిన 15:6 వీటన్నిటికీ ముందు.

ఇప్పుడు ఆ గీత మీద పౌలు ఎక్కడ నిలబడ్డాడో చూడండి. రోమీయులకు 4:10లో ఆయనే అడుగుతాడు: సున్నతికి ముందా, తర్వాతా? ముందే, కనీసం పదమూడేళ్ల ముందు. సున్నతి లేని అన్యజనులను, అంటే యూదులు కానివాళ్లను, దేవుడు చేర్చుకుంటాడా లేదా అన్నది పౌలు ముందున్న తగాదా. దానికి జవాబు ఆ పదమూడేళ్లలోనే ఉంది.

పత్రిక రాసిన యాకోబు (ఇస్సాకు కొడుకు కాదు) నిలబడింది ఆదికాండము 22వ అధ్యాయంలో, అబ్రాహాము ఇస్సాకును అర్పించబోయిన బలిపీఠం దగ్గర. అక్కడ లేఖనం నెరవేరిందంటాడు (యాకోబు 2:23). అంటే 15:6ను కొట్టేయడం లేదు, అది ఎటు దారి తీసిందో చూపిస్తున్నాడు. ఆయన ఎదుట ఉన్నవాడూ వేరు. కట్టుకోవడానికి బట్ట, ఆ పూటకు తిండి లేని సహోదరుణ్ణి చూసి "సమాధానంగా వెళ్లు, చలి కాచుకో, కడుపు నింపుకో" అని మాటలతో సాగనంపేవాడు. దేవుడొక్కడే అని దయ్యాలూ నమ్ముతాయి, నమ్మి వణుకుతాయి అన్న ఎత్తిపొడుపు వాడికే.

ఈ పాఠంలో పట్టుకోవాల్సిన పద్ధతి ఇదే. రెండు వాక్యాలను ఢీకొట్టించే ముందు, ఒక్కొక్కరూ ఎవరితో వాదిస్తున్నారో అడగండి.

దీంతో చిక్కంతా విడిపోయిందని మాత్రం అనను. యాకోబు 2:24కు పదును ఇంకా ఉంది, సంఘాలు విడిపోయిందీ ఇలాంటి చోట్లే. పొందిన నీతి సత్క్రియల వల్ల వృద్ధి చెందుతుందని 1547లో కతోలిక సంఘపు ట్రెంట్ మహాసభ చెప్పింది. క్రియలు ఫలమే గాని కారణం కాదని లూథర్ బాట పట్టిన లూథరన్లు పట్టుబట్టారు. 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో కతోలిక, లూథరన్ ప్రతినిధులు ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశారు. దేవుడు మనల్ని అంగీకరించేది మన యోగ్యతను బట్టి కాదు, కృప వల్లనే. ఆయన ఇచ్చే ఆత్మే మనల్ని సత్క్రియలకు సిద్ధపరుస్తాడు అన్నది దాని సారం. 2006లో మరో ప్రొటెస్టెంట్ శాఖ అయిన మెథడిస్టులు కూడా దాన్ని ఒప్పుకున్నారు. తేడాలన్నీ తీరిపోయాయని ఆ ప్రకటనే అనలేదు.

అభ్యాసం: మత్తయి 25:31-46 చదవండి. అక్కడ తీర్పు ఆకలి, దాహం, చెరసాల చుట్టూ తిరుగుతుంది, విశ్వాసం అన్న మాటే రాదు. కానీ నీతిమంతులు "ప్రభువా, ఎప్పుడు?" అని ఎందుకు అడుగుతున్నారు? తమ క్రియల లెక్క వాళ్ల దగ్గర ఎందుకు లేదు? నాలుగు వాక్యాల్లో జవాబు రాయండి. ఆ తర్వాత లూకా 23:39-43లో క్రియలకు సమయమే లేని దొంగ దగ్గరికి వెళ్లి, మీ జవాబు అతని విషయంలోనూ నిలుస్తుందేమో సరిచూడండి. వచ్చే పాఠం ఫిలిప్పీయులకు 2:12-13తో మొదలవుతుంది.