పెద్ద ఈవెంట్‌లో మొబైల్ బార్ (ఈవెంట్ దగ్గరికి తీసుకెళ్లి పెట్టే మందు కౌంటర్) పెడుతున్నారా

ముందు లైసెన్స్, అది చేతికి రాకుండా ఒక్క బాటిల్ కూడా కొనకండి. తర్వాత అసలు పరీక్ష ఇంటర్వెల్ టైమే, ఫుట్‌బాల్ మ్యాచ్ అయితే హాఫ్‌టైమ్ 15 నిమిషాలే కదా, జనం అంతా ఒక్కసారిగా మీద పడతారు, అందుకే మెనూ చిన్నగా పెట్టుకోండి, నాలుగైదు రకాలు చాలు, కాక్‌టెయిల్స్ అక్కడికక్కడ కలుపుతూ కూర్చుంటే లైన్ కదలదు.

బీర్ కెగ్‌ల (బీర్ నింపి వచ్చే పెద్ద పీపాలు) దగ్గర మాత్రం చాలా జాగ్రత్తండి. 50 లీటర్ల కెగ్ అంటే లెక్కకి 100 అరలీటర్ గ్లాసులు, కానీ నురగకే కొంత పోతుంది. బండిలో కుదుపులు తిన్న కెగ్‌ని దించగానే ట్యాప్ తిప్పితే గ్లాసు నిండా నురగే, ముందురోజే తెచ్చి చల్లగా కదలకుండా ఉంచండి. పోసేటప్పుడు గ్లాసుని 45 డిగ్రీలు వంచి, ట్యాప్ మొత్తం ఒకేసారి తెరిచి, సగం దాటాక మెల్లగా నిలబెట్టాలి. కొత్తవాళ్లకి నేను మొదట నేర్పేది ఇదే.

డ్రింక్‌లో వేసే ఐస్ వేరు, బాటిల్స్ చల్లబరిచే ఐస్ వేరు, రెండూ కలపొద్దు. జనం ఎక్కువైతే నెట్‌వర్క్ పడిపోతుంది, ఆఫ్‌లైన్‌లో పనిచేసే కార్డ్ మెషిన్ ఉండాలి, చిల్లర కూడా. వయసు మీద అనుమానం వస్తే ఐడీ అడగండి, తూలుతున్నవాళ్లకి మందు కాదు మంచినీళ్లు ఇవ్వండి, ఎంత గొడవ చేసినా సరే.