సొంతంగా చేసిన సర్క్యూట్‌తో విమానం ఎక్కడం: నా అనుభవం

పొలంలో మట్టి తేమ కొలవడానికి ఈఎస్‌పీ32 అనే చిన్న కంట్రోలర్ బోర్డుతో ఒక చిన్న డబ్బా చేసుకున్నాను. దాన్ని తీసుకెళ్లిన రెండుసార్లూ ఎక్స్‌రే దగ్గర ఆపేశారు. వైర్లు, సెల్స్, పైన నల్ల టేపు... తెర మీద చూస్తే నాకే అనుమానం వచ్చేలా ఉంది!

చెక్-ఇన్ బ్యాగులో పెట్టడం, సర్క్యూట్ బొమ్మ చూపించడం, విడిభాగాల బిల్లు చూపించడం, ఏదీ పనిచేయలేదు. మొదటిదైతే తప్పే, విడి లిథియం సెల్స్ చేతి సంచిలోనే ఉండాలి.

మూడోసారి బయలుదేరే ముందు రాత్రే రెండు 18650 రకం లిథియం సెల్స్ ఊడదీసి, కొనలకు టేపు వేసి, విడిగా ప్లాస్టిక్ డబ్బీలో పెట్టాను. 3.7 వోల్టులు, 2600 ఎంఏహెచ్, అంటే సెల్‌కు సుమారు 9.6 వాట్-అవర్లు (విమానంలో మామూలు పరిమితి 100) అని చీటీ అంటించాను. తర్వాత భాగాలను కలిపే జంపర్ వైర్లన్నీ పీకి రబ్బరు బ్యాండు వేశాను. నల్ల టేపు తీసేసి, బోర్డును అమ్మ పచ్చళ్లకు వాడే పారదర్శకమైన డబ్బాలోకి మార్చాను. వాసన ఇంకా పోలేదు.

లైనులో సెక్యూరిటీ వాళ్లు అడగకముందే అన్నీ తీసి ల్యాప్‌టాప్ పక్కన ట్రేలో పెట్టి, "సార్, పొలంలో తేమ కొలిచేది, సెల్స్ వేరుగా ఉన్నాయి" అన్నాను. మూత తీసి చూసి, వెళ్లమన్నారు.

అప్పటి నుంచి మూడు ప్రయాణాలు, టెన్షన్ లేదు. అయితే అన్నీ దేశంలోపలివే. డ్యూటీలో ఉన్నవాళ్లు వద్దంటే వద్దే, అందుకే ఓ గంట ముందే వెళ్తున్నాను.