దారులు మూసుకుపోయినప్పుడు ఆహార సరుకు ఆగకుండా చూసుకోవడం ఎలా

వరద, సమ్మె, అంటువ్యాధి, ఇంధన కొరత: ఏది వచ్చినా ముందుగా మారేది సరుకు చేరే గడువు. మూడు రోజుల్లో రావాల్సిన లారీ వారానికి వస్తుంది. చాలామంది మాత్రం పాత గడువుతోనే ఆర్డర్లు పెడుతూ ఉంటారు. లెక్క సరిచేయడం అక్కడే మొదలుపెట్టాలి.

రోజుకు 40 పెట్టెలు అమ్ముడయ్యే సరుకు మామూలుగా 3 రోజుల్లో, ఆలస్యమైతే 4 రోజుల్లో వస్తుందనుకుందాం. 3 రోజుల అమ్మకం 120, ఆ ఒక్క రోజు ఆలస్యానికి 40, మొత్తం 160. నిల్వ అక్కడికి దిగగానే ఆర్డరు పెట్టాలి. ఇప్పుడు గడువు 7 రోజులైంది, ఒక్కోసారి 9 పడుతోంది. అంటే 280కి 80 కలిపి 360. దారిలో ఉన్న సరుకునూ నిల్వలో కలిపే చూడాలి, లేకపోతే ఒకే అవసరానికి రెండుసార్లు ఆర్డరు వెళ్తుంది.

ఈ లెక్కలో రోజు అమ్మకం ఎంతని వేసుకోవాలన్నదే అసలు చిక్కు. జనం భయంతో కొన్న వారంలో రోజుకు 100 పెట్టెలు పోయి ఉండొచ్చు. దాన్ని పట్టుకుని ఆర్డరు పెడితే, సరుకు దిగేసరికి ఇళ్లన్నీ నిండి ఉండి 40 కూడా కదలవు. అలాగే స్టాకు లేక సున్నా అమ్మిన రోజుల్ని సగటులోంచి తీసేయాలి. ఆ సున్నా గిరాకీ లేక వచ్చింది కాదు.

హోల్‌సేల్ వ్యాపారికి దీనికి తోడు మరో ఇబ్బంది. అడిగినదాంట్లో 60 శాతమే ఇస్తున్నారని తెలిస్తే, 100 పెట్టెలు కావాల్సిన దుకాణం 170 రాస్తుంది. అందరూ అలాగే రాస్తారు, ఆ దొంగ లెక్క ఉత్పత్తిదారు దాకా పాకుతుంది. అందుకే పంపకం ఆర్డరును బట్టి చేయకూడదు. సంక్షోభానికి ముందు 8 వారాల్లో ఆ దుకాణం సగటున ఎంత తీసుకుందో చూసి, అదే నిష్పత్తిలో కోటా కట్టాలి. ఇవ్వలేకపోయిన మిగులు ఆర్డర్లను ఏ రోజుకారోజు రద్దు చేయాలి. అమ్మకం ఎక్కువున్న సరుకుల్లో అయిదు సైజులుంటే రెండుకు కుదిస్తే గోదాములో ఏరే పని తగ్గుతుంది, లారీలు నిండుగా కదులుతాయి.

2020లో భోజనశాలలు మూతపడినప్పుడు చాలా దేశాల్లో పెద్ద బస్తాల పిండి గోదాముల్లో నిలిచిపోయింది, చిన్న ప్యాకెట్లు మాత్రం దొరకలేదు. అలాంటప్పుడు తిరిగి ప్యాక్ చేయించవచ్చు. ప్రతి ప్యాకెట్ మీద సరుకు పేరు, నికర బరువు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ, అలర్జీ కలిగించే పదార్థాల వివరం ఉండి తీరాలి. బ్యాచ్ నంబరు జారిపోతే, రేపు ఏదైనా లోపం బయటపడినప్పుడు ఏ ప్యాకెట్లు వెనక్కి రప్పించాలో తెలియదు. ఏ సరుకైనా గడువు ముందు తీరేదే ముందు బయటికి పంపాలి.

చల్లని సరుకు విషయంలో పొరపాటుకు చోటు తక్కువ. రీఫర్ లారీలోని (సరుకును చల్లగా మోసుకెళ్లే లారీ) యంత్రం చల్లదనాన్ని నిలబెట్టడానికే తయారైంది, వేడెక్కిన సరుకును చల్లబరచడానికి కాదు. కాబట్టి ఖాళీ లారీని ముందే చల్లబరిచి, అప్పటికే చల్లగా ఉన్న సరుకునే ఎక్కించాలి. తలుపులు తెరిచి ఎక్కిస్తున్నంతసేపు యంత్రాన్ని ఆపాలి, లేకపోతే తేమ గాలి లోపలికి లాగి యంత్రంలో గాలిని చల్లబరిచే గొట్టాల (కాయిల్) మీద మంచు కడుతుంది. పైకప్పుకూ సరుకుకూ మధ్య గాలి తిరిగే ఖాళీ వదలాలి. చల్లని సరుకుకు 5 డిగ్రీలు దాటకుండా, గడ్డకట్టించిన సరుకుకు మైనస్ 18 ఉండేలా చూసుకోవాలి.

కరెంటు పోతే తలుపులు తెరవకుండా ప్రతి అరగంటకూ ఉష్ణోగ్రత రాసుకోవాలి. జనరేటరును యంత్రాలేవీ కలపకుండా ఖాళీగా తిప్పి చూస్తే పరీక్షించినట్టు కాదు. శీతల యంత్రంలోని కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో నడిచేటప్పటికన్నా కొన్ని రెట్లు కరెంటు లాగుతుంది. అందుకని అన్నిటినీ ఒక్కసారి కాకుండా ఒకదాని తర్వాత ఒకటి ఆన్ చేయాలి. సరుకును చల్లగా ఉంచడానికి వాడే డ్రై ఐస్ (గడ్డకట్టించిన కార్బన్ డయాక్సైడ్) మైనస్ 78.5 డిగ్రీల దగ్గర నేరుగా ఆవిరై కార్బన్ డయాక్సైడ్ వాయువు అవుతుంది. డ్రైవరు కూర్చునే చోటికి ఆ గాలి చేరే బండిలో, కిటికీలు మూసి, దాన్ని తీసుకెళ్లడం ప్రాణాపాయం.

గడువు మళ్లీ 7 నుంచి 5కు, 5 నుంచి 3కు దిగుతున్నకొద్దీ ఆర్డరు పెట్టాల్సిన ఆ 360 పెట్టెల మట్టాన్ని కూడా అదే వేగంతో దించుతూ రావాలి. ఆలస్యం చేస్తే, దారుల్లో ఇరుక్కున్న పాత ఆర్డర్లన్నీ ఒకే వారంలో గోదాము ముందు దిగుతాయి.