నివురుగప్పిన నిప్పును గుట్టలో వదిలి రాకండి

గత ఆదివారం వికారాబాద్ వైపు నడుస్తుండగా ఒక గుట్ట వాలు పొడవునా నేల మసిబారి కనిపించింది. ఆ నలుపు మొదలైన చోట పొయ్యికి పేర్చిన మూడు రాళ్ళు, వాటి మధ్య ఎవరో శ్రద్ధగా కప్పిన మట్టి ఉన్నాయి. అక్కడ వండుకున్నవారు మంట ఆరిపోయిందని నిజంగా నమ్మే వెళ్ళి ఉంటారు. నేను పదే పదే చూస్తున్న పొరపాటు ఇదే.

మట్టి కప్పడం ఆర్పడం కాదు. మట్టి కింద కణికలు గంటల తరబడి రగులుతూనే ఉంటాయి, ఎండిన వేళ్ళ వెంట పక్కకు పాకుతాయి, వేడిగాలికి పై మట్టి చెదిరిందంటే రాలిన టేకు ఆకులను అంటుకుంటాయి. ఫిబ్రవరి నుంచి తొలకరి దాకా మన అడవుల్లో నేలంతా ఎండుటాకే. అది కాలితే నేల మీద గుడ్లు పెట్టే పిట్టల గూళ్ళు, అప్పుడే తలెత్తిన మొక్కలు పోతాయి. ఆకుల కప్పు లేని వాలు మీది మట్టి మొదటి వానకే కొట్టుకుపోతుంది. వికారాబాద్ దగ్గరి అనంతగిరి గుట్టల్లో పుట్టిన మూసీ నీరే హైదరాబాద్ పక్కనున్న మన గండిపేట జలాశయానికి చేరుతుందని గుర్తుంచుకోవాలి.

అసలు నిప్పే రాజేయకపోవడం మేలు. పులిహోరో, రొట్టెలో ఇంటి నుంచే తీసుకెళ్ళండి. అభయారణ్యంలో ప్రమాదం కలిగేలా నిప్పు పెట్టడం, మండుతుండగా వదిలి రావడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నిషిద్ధం. అనుమతి ఉన్న శిబిరంలో మంట వేస్తే, 20 లీటర్ల నీళ్ళ క్యాను పక్కన ఉంచుకున్న తరువాతే అగ్గిపుల్ల గీయండి. బయలుదేరడానికి గంట ముందే కట్టెలు వేయడం ఆపి, నీళ్ళు పోసి, కర్రతో కలిపి, మళ్ళీ పోయండి. పొయ్యి రాళ్ళను కర్రతో పక్కకు దొర్లించి, వాటి కిందా తడపండి. అరచేతి వెనుక భాగాన్ని బూడిదకు దగ్గరగా పెట్టి చూడండి. వెచ్చగా తగిలితే ఇంకా ఆరలేదు.

మళ్ళీ చెబుతున్నాను, మట్టి కప్పి వెళ్ళవద్దు. సిగరెట్, బీడీ ముక్కలను విసరవద్దు. ఎండుగడ్డి మీద కారు ఆపవద్దు, వేడెక్కిన సైలెన్సర్ చాలు. టపాసులు వద్దు. బిర్యానీ పొట్లాలను కాల్చవద్దు, పాతిపెట్టవద్దు, పందులు తవ్వుతాయి. నగరానికి తిరిగి తెచ్చుకోండి. వాగులో సబ్బు వాడవద్దు. కోతులకు ఏమీ పెట్టవద్దు. పొగ కనిపిస్తే ఫోటోల కోసం నిలబడవద్దు, 101కి ఫోన్ చేయండి. గుట్ట పైకి మాత్రం పరుగెత్తవద్దు: వాలు మీద మంట మనిషి కంటే వేగంగా పైకి పాకగలదు.