కలుపు కూడా మొలవని పూలమడి: లోపం ఎక్కడుందో ఇలా పట్టుకోండి

వారం రోజులు ముసురు పట్టినా మడిలో గరిక లేదు, తుంగ లేదు, గంగవాయిలి కూడా లేదు. పీకే పని తప్పిందని సంతోషించే ముందు, మీరు నాటిన మొక్కలు ఎలా ఉన్నాయో చూడండి.

నాటినవి ఏపుగా ఉన్నాయి, కలుపు మాత్రం లేదు

పైపొరను చేత్తో తోసి చూడండి. మూడు నాలుగు అంగుళాల ఎండుటాకులో కొబ్బరిపీచో పరిచి ఉంటే వెలుతురు అందక చిన్న విత్తనాలు మొలవవు. ఇది మంచిదే. కాండాలకు తగలకుండా చూసుకుంటే చాలు.

కలుపు రాకుండా పరిచే నల్లని అల్లిక పట్టా (వీడ్ మ్యాట్) కనిపిస్తే మాత్రం ఆలోచించాలి. రెండు మూడేళ్లలో దాని మీదే దుమ్ము, ఆకులు పేరుకుని కలుపు మొలుస్తుంది. ఆ వేళ్లు అల్లికలో చిక్కుకుంటే పీకడం నరకం. పూలమడి అయితే తీసేసి ఆకులు పరచడమే నయం.

నాటినవీ కదలడం లేదు

గునపం దించండి. దిగకపోయినా, ఖంగుమన్నా తవ్వాల్సిందే. మా కొత్త ఇంటి గేటు పక్కన మందారం రెండుసార్లు చచ్చిపోయింది. లేత ఆకులు పసుపుగా, ఈనెలు మాత్రం పచ్చగా ఉండేవి. తవ్వితే నాలుగు అంగుళాల ఎర్రమట్టి, దాని కింద ప్లాస్టరింగ్ పెచ్చులు, ఇటుక ముక్కలు, రాయిలా గట్టిపడిన సిమెంటు బస్తా! ఒక తెల్లని పెచ్చు మీద నిమ్మరసం పిండితే బుసబుసా పొంగింది. సున్నం ఎక్కువైన మట్టిలో ఇనుము ఉన్నా మొక్కకు అందదు. అలాంటి చోట పైన ఎంత ఎరువు వేసినా దండగే. అడుగున్నర లోతు తవ్వి రాళ్లూరప్పలూ బయట పోయించాం. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు మాగిన పశువుల ఎరువు కలిపి నింపాం. తర్వాతి వానకే గరిక వచ్చింది. దాన్ని పీకుతుంటే నిజంగా ప్రాణం లేచివచ్చింది.

మట్టి మెత్తగానే ఉంది, అయినా ఏమీ రావడం లేదు

మొలకెత్తకుండా కొట్టే కలుపు మందు మిగిలి ఉందేమో అనుమానించండి. ఒక కుండీలో ఈ మట్టి, ఇంకో కుండీలో మంచి మట్టి పోసి, ఇరవేసి తోటకూర విత్తనాలు చల్లండి. పెసలు వద్దు. పెండిమిథాలిన్ అనే అలాంటి మందును పెసర చేలోనూ కొడతారు కాబట్టి, మందున్నా పెసలు మొలిచి మనల్ని తప్పుదారి పట్టిస్తాయి. రెండు కుండీల్లోనూ తోటకూర మొలిస్తే మట్టిలో దోషం లేదు, నీడో పైన పరిచిన పొరో కారణం. మడి మట్టిలోనే రాకపోతే మందు గానీ ఉప్పు గానీ ఉన్నట్టు. పెండిమిథాలిన్ పైమట్టిని పట్టుకుని ఉంటుంది, నీళ్లు పెడితే కొట్టుకుపోదు. లోతుగా తిరగదవ్వి, కంపోస్టు కలిపి, కొన్ని నెలలు ఆగండి.

నేల మీద తెల్లని పొర తేలితే అది చౌడు. ఉప్పుబోరు నీళ్లు, ఆర్వో వదిలే నీళ్లు పోయడం ఆపండి. నీరు బయటికి పోయే దారి చేసి, మంచినీళ్లతో రెండు మూడుసార్లు బాగా తడిపి ఉప్పును కిందికి దించండి. జిప్సం పనిచేసేది కారుచౌడుకే, అంటే సోడియం ఎక్కువైన చౌడుకే. అది కారుచౌడని భూసార పరీక్షలో తేలాకే వేయండి.