విశాఖకు కొత్తగా వచ్చినవాళ్లు మొదటి ఏడాది గమనించాల్సినవి

విశాఖపట్నానికి బదిలీ మీద వచ్చేవాళ్లు ఎవరడిగినా నేను ముందుగా చెప్పే మాట ఒకటే: ఇక్కడ గాలి ఎటు నుంచి వస్తోందో చూసుకోవడం అలవాటు చేసుకోండి. మాది అనంతపురం. ఏడాది మొత్తం మీద 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే చోటు. అక్కడ ఇంటిపనంతా నీళ్ల లెక్క మీద నడుస్తుంది. కుళాయి ఎప్పుడొస్తుంది, సంపు నిండిందా, బోరు పోస్తోందా, ఇవే మా మాటలు. ఇక్కడ లెక్క గాలిది. బట్టలు ఎప్పుడు ఆరేయాలి, అప్పడాలు ఎందులో దాచాలి, పిల్లల సైకిల్ ఎక్కడ పెట్టాలి, చివరికి ఏ ఇల్లు అద్దెకి తీసుకోవాలి అన్నది కూడా గాలే తేలుస్తుంది. బ్యాంకు ఉద్యోగం వల్ల నేను, మా ఆయన, మా అత్త, ఆరో తరగతి చదివే మా అమ్మాయి ఇక్కడికొచ్చి మర్రిపాలెంలో ఉంటున్నాం. మేం తెలుసుకున్నవి తర్వాత వచ్చేవాళ్లకి పనికొస్తాయని రాస్తున్నాను.

ఇల్లు వెతికేటప్పుడు ముందు ఊరి ఆకారం తెలుసుకోవాలి. అనంతపురంలా నాలుగు వైపులా పెరిగిన ఊరు కాదిది. ఒక పక్క సముద్రం, ఉత్తరాన సింహాచలం కొండలు, దక్షిణాన యారాడ కొండలు. ఆ మధ్యలో ఊరు పొడుగ్గా సాగింది. గాజువాక ఒక కొస, మధురవాడ ఇంకో కొస. ఆఫీసు ఒక కొసన, ఇల్లు ఇంకో కొసన పెట్టుకుంటే రోజూ రెండు మూడు గంటలు రోడ్డు మీదే పోతాయి. కాబట్టి సముద్రం కనిపిస్తుందా లేదా అన్నది తర్వాత, ఆఫీసుకీ పిల్లల బడికీ దగ్గరగా ఉండటం ముందు.

ఇల్లు చూడ్డానికి పగలు పదకొండు దాటాక వెళ్లండి. మామూలు రోజుల్లో ఆ వేళకి సముద్రం గాలి మొదలవుతుంది. తూర్పు, ఆగ్నేయం వైపు కిటికీలున్న గదిలో నిలబడితే తేడా ఒంటికే తెలుస్తుంది. ఎదురుగా పెద్ద అపార్ట్‌మెంట్ అడ్డొస్తే అద్దె ఎంత తక్కువైనా ఎండాకాలంలో ఆ గదిలో పడుకోలేరు. తర్వాత కిటికీ ఊచలు, గేటు బందులు చూడండి. కొత్త రంగు కింద బుడగలు లేచి తుప్పు రాలుతోందంటే ఆ ఇంటికి ఉప్పుగాలి బాగా తగులుతోందని అర్థం. బీచ్ రోడ్డుకి దగ్గర్లో ఇల్లు కళ్లకి ఎంత బాగున్నా, ఏసీ బయట పెట్టే యూనిట్ నుంచి తలుపు గొళ్లెం దాకా అన్నీ త్వరగా పాడవుతాయి. రేవు వైపు పాత ఊళ్లో ఇల్లు చూస్తుంటే మేడ మీదకెళ్లి గచ్చుని అరచేత్తో ఒకసారి తుడవండి. చేతికి రేవు బొగ్గు తాలూకు నల్లటి ధూళి ఎంత అంటుతుందో చూసుకుని నిర్ణయం తీసుకోండి, ముఖ్యంగా ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్లుంటే. బీరువా పెట్టే గోడని కూడా తాకి చూడండి. చెమ్మగా ఉంటే బీరువాని గోడకి జానెడు ఎడంగా పెట్టుకోవాలి.

సామాన్లు లారీకెక్కించే ముందు ఒక పని చేయండి. సీమ నుంచి గానీ తెలంగాణ నుంచి గానీ వస్తుంటే ఎయిర్ కూలర్‌ని అక్కడే అమ్మేయండి. పొడిగాలి ఉన్నచోట కూలర్ నీటిని ఆవిరి చేసి గదిని చల్లబరుస్తుంది. ఇక్కడి గాలిలో ముందే తడి నిండి ఉంటుంది కాబట్టి ఆ నీరు ఆవిరి కాదు, ఉక్కపోత ఇంకా పెరుగుతుంది. ఆ డబ్బుతో మంచి సీలింగ్ ఫ్యాన్లు కొనుక్కోవడం మేలు. మే నెలలో మా ఊళ్లో 42 డిగ్రీలున్నా చెట్టు నీడకెళితే ప్రాణం లేచొస్తుంది, చెమట పట్టినట్టే పట్టి ఆరిపోతుంది. ఇక్కడ 35 దగ్గరే ఒళ్లు జిగటగా తయారవుతుంది. చెమట ఆరకపోవడమే అసలు బాధ. కొన్ని రోజులు పడమటి గాలి గట్టిగా వీచి సముద్రం గాలిని మధ్యాహ్నం దాకా లోపలికి రానివ్వదు. అలాంటి రోజు పొద్దున్నే తెలిసిపోతుంది, కొబ్బరాకు సముద్రం వైపుకి వాలి ఉంటుంది. ఆ రోజు బయటి పనులన్నీ పదింటిలోపే ముగించేయాలి.

ఇక్కడ పొద్దు త్వరగా పొడుస్తుంది. అనంతపురానికీ విశాఖకీ మధ్య రేఖాంశాల తేడా దాదాపు ఆరు డిగ్రీలు. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున చూస్తే సూర్యుడు ఇక్కడ ఇరవై నిమిషాలకి పైగా ముందే ఉంటాడు. పొద్దున్న కలిసొచ్చేది సాయంత్రం పోతుంది, శీతాకాలంలో ఐదున్నరకే చీకటి పడిపోతుంది. మా అమ్మాయి ఆటల వేళని అందుకే మార్చాం. సాయంత్రం ఆరింటికి బదులు పొద్దున్న ఐదున్నరకి లేపి ఆదివారాలు ఆర్కే బీచ్‌కి తీసుకెళతాం. తెల్లవారుజామున అక్కడ రోడ్డు మీద కొంతసేపు వాహనాలు ఆపేస్తారు. పిల్లలు స్కేటింగ్ చేస్తుంటారు, పెద్దవాళ్లు నడుస్తుంటారు. కురుసుర జలాంతర్గామి మ్యూజియం దగ్గర మొదలుపెట్టి కాళీమాత గుడి దాకా ఒకసారి నడిచి రండి. కొత్త ఊళ్లో ముందుగా ముఖపరిచయాలు కలిసేది అక్కడే.

వంటింటి గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మా అత్తకి ఎక్కువ దిగులు కలిగించింది అదే. మా వైపు చెనక్కాయల పొడి ఒకసారి దంచితే నెలంతా గరగరలాడుతూ ఉంటుంది. ఇక్కడ స్టీలు డబ్బాలో పోసి మామూలు మూత పెడితే వారం తిరక్కుండానే మెత్తబడి నూనె వాసన వస్తుంది. పొడులన్నీ చిన్న గాజు సీసాల్లో, బిగుతు మూత పెట్టి, కొద్దికొద్దిగా చేసుకోవాలి. ఉప్పు డబ్బాలో నాలుగు బియ్యపు గింజలు వేయాలి. అప్పడాలు, వడియాలు తీసిన ప్రతిసారీ డబ్బా మూత వెంటనే పెట్టాలి. తోలు చెప్పులు, బెల్టులు వానాకాలంలో బీరువాలో పెట్టకూడదు, తెల్లటి బూజు పడుతుంది. పట్టుచీరలు నెలకొకసారి తీసి, నీడలో గాలికి ఆరేసి, మడత మార్చి పెట్టుకోవాలి. తాళాల్లో, సైకిల్ చైనులో రెండు వారాలకొకసారి నూనె చుక్క వేయాలి.

వడియాలు ఎప్పుడు పెట్టాలో కింది వాటాలో ఉండే ఇంటి ఓనరమ్మ చెప్పారు. ‘సంక్రాంతి వెళ్లనివ్వండమ్మా, అప్పుడు ఉత్తరం గాలుంటుంది, శివరాత్రిలోపు పెట్టేసుకోండి’ అన్నారు. నిజంగానే డిసెంబరు, జనవరి నెలల్లో గాలి పొడిబారుతుంది, బట్టలు సగం పూటలో ఆరిపోతాయి. ఆ నెలల్లో చేయాల్సిన పనులన్నీ మా అత్త ఇప్పుడు క్యాలెండర్ మీదే రాసిపెడుతోంది: పరుపులు ఎండేయడం, మినుములు బాగు చేయడం, గుమ్మడి వడియాలు. మీరూ అలా రాసుకోండి. పాత ఊరి నెలలు ఇక్కడ పనిచేయవు, కొత్త క్యాలెండర్ తయారు కావడానికి ఒక ఏడాది పడుతుంది.

సంగటి లేకపోతే మా ఇంట్లో గడవదు. ఇక్కడ రాగుల్ని చోళ్లు అంటారు, దుకాణంలో చోడిపిండి అని అడిగితే వెంటనే ఇస్తారు. ఈ వైపు కూడా చోడంబలి తాగే ఇళ్లు చాలా ఉన్నాయి. సరుకులు హోల్‌సేల్‌గా కావాలంటే పూర్ణా మార్కెట్, కూరగాయలకి సీతమ్మధార, ఎంవీపీ కాలనీ రైతు బజార్లు. బెల్లం అనకాపల్లిదే కొనండి. ముదురు రంగుదీ, కాస్త గట్టిగా ఉన్నదీ ఏరుకోండి, మరీ పచ్చగా మెరిసేదాని జోలికి పోవద్దు. కొండల మీద పండిన సింహాచలం అనాస, ఏజెన్సీ నుంచి వచ్చే సీతాఫలాలు, అల్లం, పసుపు కాలానికొకటి వస్తూ ఉంటాయి. వాటిని చూస్తుంటేనే ఏ నెలలో ఉన్నామో తెలుస్తుంది. సింహాచలం సంపెంగలు అమ్మేవాళ్లు కనబడితే బేరమాడకుండా తీసుకోండి.

చేపల సంగతి మాకు పూర్తిగా కొత్త. మా ఊళ్లో ఆదివారమంటే మటన్ లేదా నాటుకోడి. చేపంటే ఎప్పుడో చెరువు చేప. ఇక్కడ మొదలుపెట్టేవాళ్లకి నా సలహా ఇది. పిల్లలున్న ఇంట్లో ముందు చందువతో మొదలుపెట్టండి, ముళ్లు తక్కువ. తర్వాత వంజరం ముక్కలు వేపుడుకి. కానాగంతలు, నెత్తళ్లు చవక, పులుసుకి బాగుంటాయి, కానీ ముల్లు తీయడం చేతికి అలవాటవ్వాలి. కొనేటప్పుడు మొప్ప ఎత్తి చూడండి, ఎర్రగా ఉండాలి. కన్ను ఉబ్బెత్తుగా, మెరుస్తూ ఉండాలి. వేలితో నొక్కితే కండ తిరిగి పైకి రావాలి. ఫిషింగ్ హార్బర్‌కి తెల్లవారేసరికి వెళితే రకాలన్నీ ఒకేచోట కనిపిస్తాయి. కొనకపోయినా ఒకసారి చూసి రావాల్సిన చోటు. రోజువారీకి మాత్రం వీధి మార్కెట్‌లో ఒకే అమ్మ దగ్గర కొనడం మంచిది. ‘ఏటమ్మా, పిల్లకా?’ అని అడిగి, ఆ రోజు ఏది తీసుకోవాలో, ఏది వద్దో ఆవిడే చెబుతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల మీద చేపల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమది. ఆ రెండు నెలలు సముద్రపు చేప తక్కువగా వస్తుంది, ధర ఎక్కువుంటుంది. అప్పుడు తాజా సరుకు అంటూ కుప్పలు చూపిస్తే, ఐసులో ఎన్నాళ్లున్నదో అడిగి తీసుకోండి.

సముద్రం దగ్గర మాత్రం నేను చాలా కఠినంగా ఉంటాను, మీరూ ఉండండి. పొడినేలల నుంచి వచ్చిన మనకి నీళ్లంటే సంబరమే తెలుసు. ఆర్కే బీచ్ దగ్గర ఒడ్డు ఒక్కసారిగా లోతవుతుంది. అల వెనక్కి వెళ్లేటప్పుడు కాళ్ల కింద ఇసుక లాగేస్తుంది. మోకాలి లోతులో నిలబడ్డ పెద్దవాళ్లే పడిపోతుంటారు. పిల్లల చెయ్యి వదలొద్దు, అలకి వీపు పెట్టి ఫొటోలు దిగొద్దు. స్నానం చేయాలనుకుంటే లైఫ్‌గార్డులున్న చోటే, వాళ్లు చూపించిన హద్దులోపలే చేయండి. ఎప్పుడైనా ప్రవాహం లోపలికి లాగుతుంటే ఒడ్డుకేసి ఎదురీదకూడదు, బలం అయిపోతుంది. ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది, లాగుడు తగ్గాక బయటికి రావాలి. ఇది మా అమ్మాయికి ఇసుకలో పుల్లతో గీసి చూపించాను. తెప్పలన్నీ ఒడ్డు మీదకి లాగి పెట్టేసి ఉన్నాయంటే ఆ రోజు మనం కూడా నీళ్ల జోలికి వెళ్లకూడదు.

తుపాను గురించి ఇక్కడివాళ్లు చెప్పేది శ్రద్ధగా వినండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గరే తీరం దాటింది. ఆ రోజు సంగతి ఏ ఇంట్లో అడిగినా గంటసేపు చెబుతారు. తుపాను కన్ను మన మీదుగా పోయేటప్పుడు గాలి ఉన్నట్టుండి ఆగిపోతుంది. అయిపోయిందనుకుని బయటికి వెళ్లకూడదు, కాసేపటికి ఎదురు దిక్కు నుంచి మళ్లీ అంత జోరుతోనూ వస్తుంది. మే నెలలో ఒకసారి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఇంకోసారి జాగ్రత్తగా ఉండాలి. విశాఖలోనే వాతావరణ శాఖ వాళ్ల తుపాను హెచ్చరికల కేంద్రం ఉంది, వాళ్ల బులెటిన్ చూసుకోండి, వాట్సాప్‌లో తిరిగేవి నమ్మొద్దు. రేవులో ఎగరేసే ప్రమాద సూచికల అంకెలు పేపర్లో వస్తాయి, అంకె పెరిగేకొద్దీ ప్రమాదం ఎక్కువ. బాల్కనీలో పూలకుండీలు, మేడ మీద రేకులు, ప్లాస్టిక్ కుర్చీలు ముందే లోపల పెట్టేయాలి. తాగునీళ్లు, పాలపొడి, మందులు, టార్చి, గ్యాసు చూసుకోవాలి. బ్యాంకు మనిషిగా ఇంకోటి చెబుతాను: కరెంటు, నెట్‌వర్కు పోతే ఏటీఎం, ఫోన్ చెల్లింపు రెండూ ఆగిపోతాయి. చిన్న నోట్లలో వారం ఖర్చుకి సరిపడా ఇంట్లో ఉంచుకోండి. పెట్రోలు రెండు రోజుల ముందే పోయించుకోండి.

ఇక మనుషులు. గురువారం బురుజుపేట కనకమహాలక్ష్మి గుడికి వెళ్లండి. గర్భగుడికి పైకప్పు లేదు, ఎవరైనా అమ్మవారికి తమ చేత్తోనే పూజ చేసుకోవచ్చు. మా అత్తకి ఈ ఊరు తనదే అనిపించింది అక్కడే. మార్గశిర మాసంలో రద్దీ విపరీతం, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని అప్పుడు తీసుకెళ్లొద్దు.

ఆషాఢ పౌర్ణమికి ముందు రోజు సింహాచలం గిరి ప్రదక్షిణ మొదలవుతుంది. కొండ చుట్టూ 32 కిలోమీటర్లు, రాత్రంతా నడుస్తారు. అడవివరం, హనుమంతవాక, మాధవధార, గోపాలపట్నం మీదుగా సాగే దారి అది. సాయంత్రం నుంచి బస్సులు దారి మళ్లుతాయి, ఆ రోజు ఆఫీసు నుంచి ముందే బయల్దేరండి. అంత దూరం నడవలేనివాళ్లు దారిలో నడిచేవాళ్లకి ఏదో ఒకటి అందిస్తారు. ఏ వీధికి ఆ వీధి బల్లలు వేసుకుంటుంది. మీ వీధివాళ్లు ఎక్కడ పెడుతున్నారో వారం ముందే కనుక్కుని, మీ ఇంటి నుంచి మజ్జిగ గానీ నిమ్మకాయ నీళ్లు గానీ తెస్తామని చెప్పండి. వాన పడే రోజులు కాబట్టి బల్ల మీదకి పట్టా కూడా కావాలి. మజ్జిగలో ఉప్పు కాస్త ఎక్కువే వేయండి, నడిచేవాళ్లు బాగా చెమటోడుస్తారు. పేపరు గ్లాసులు రోడ్డంతా పడకుండా పక్కన పెద్ద గోనెసంచి ఒకటి కట్టండి, నడిచేవాళ్లే అందులో వేసి వెళతారు.