లెక్క కట్టేముందు చుక్కలు చూడండి
నిద్ర గంటలకీ ఆందోళన స్కోరుకీ సహసంబంధం (రెండూ కలిసి ఎంతగా మారతాయో) తీస్తున్నారా? ముందు స్కాటర్ ప్లాట్ గీయండి, అంటే గ్రాఫ్ మీద ఒక్కో మనిషికి ఒక్కో చుక్క. 1973లో ఫ్రాన్సిస్ యాన్స్‌కోంబ్ అనే గణాంకవేత్త నాలుగు చిన్న డేటా సెట్లు చూపించాడు, ఒక్కోదాంట్లో 11 బిందువులే. నాలుగింటికీ సగటులు దాదాపు ఒకటే, సహసంబంధ గుణకమూ (ఆ సంబంధం ఎంత బలమో చెప్పే అంకె) సుమారు 0.816. గీస్తే మాత్రం ఒకటి మామూలు సరళరేఖ ధోరణి, ఒకటి వంపు, ఒకటి తిన్నటి గీతకి దూరంగా ఓ చుక్క. నాలుగోదాంట్లోనైతే (నాకు ఇదే ముచ్చట) సంబంధమంతా ఒకే ఒక్క చుక్క పుణ్యం!

మీ డేటాలో అలాంటి చుక్క కనిపిస్తే ఎక్కించడంలో పొరపాటేమో అసలు ఫారంతో సరిచూడండి. నిజమైన జవాబే అయితే, ఫలితం బాగా రావాలని గుట్టుగా తీసెయ్యకండి. తీయక తప్పదంటే కారణం చెప్పి, అది ఉన్నప్పుడూ లేనప్పుడూ గుణకం ఎంతో రెండూ రిపోర్టులో రాయండి.